దారం రెండో కొస

మా మామకు అరవై నిండుతున్నాయి, షష్టిపూర్తి చేద్దామని ఇంట్లో మాట వచ్చినప్పుడు నేను మనసులో ఒకటి అనుకున్నాను. అందరిలా పంచెల చాపు, వెండి గ్లాసు పట్టుకుని పోకూడదు. ఆయనకు ఇష్టమైనదే ఇవ్వాలి. అదేమిటో మా బంధువులందరికీ తెలుసు. చెరువు గట్టు, గాలం, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునే నాలుగు గంటలు.

మామ ఆర్టీసీలో డ్రైవరు. ఎక్కువకాలం నడిపింది మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు. పుట్టింది కుప్పం దగ్గర పల్లెలో. చెల్లెల్ని, అంటే మా అమ్మని, ఇచ్చింది మదనపల్లెకు. ఇల్లు కట్టుకున్నది పుంగనూరులో. ఆ దారిలో ఏ చెరువులో ఎంత నీళ్ళున్నాయో ఆయన స్టీరింగు ముందు కూర్చునే చెప్పేవాడు. మా వైపు చెరువు నిండటమే ఒక వార్త. ఎండిపోయి, తుమ్మచెట్లు మొలిచిన చెరువుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. 2021 నవంబరు వానలకు జిల్లాలో చెరువులు పొంగినప్పుడు జనం మరవ పారుతుంటే చూడ్డానికి బళ్ళేసుకుని పోయారు. మామ మాత్రం నీళ్ళు తేరుకునేదాకా ఆగి, అటక మీది గాలం కిందికి దించాడు.

గాలం అంటే ఏమీ లేదు. ఏడడుగుల వెదురు కట్టె, నైలాను దారం, నెమలీక కాడతో చేసిన బెండు, ఒక సీసపు గుండు, ముల్లు. లోతుకు వేయాలంటే కట్టె కూడా ఉండదు. ఖాళీ నీళ్ళ సీసాకు చుట్టిన దారాన్ని చేత్తోనే గిరగిరా తిప్పి విసురుతాడు. సీసా ఎడమచేతిలో, దారం కుడి బొటనవేలి మీద.

నేను ఆయనకు దీనికన్నా మంచిది కొనాలనుకున్నాను. అక్కడే మొదలైంది కథ.

ఫోన్లో వెతుకుతూ పోతే గాలం కట్టెల్లో, రీళ్ళలో ఒక లోకమే ఉందని తెలిసింది. బెంగళూరు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా స్పిన్నింగ్ రీళ్ళు. గేర్లుంటాయి, పిడి ఒక చుట్టు తిప్పితే రెండడుగులకు పైగానే దారం వెనక్కి వస్తుంది, చేప గట్టిగా లాగితే తెగకుండా దానంతటదే దారం వదిలే ఏర్పాటు కూడా ఉంటుంది. అవి చూస్తుండగా సెంటర్‌పిన్ అనే మాట ఎదురైంది. చూడగానే మనసు పడ్డాను.

సెంటర్‌పిన్ అంటే అక్షరాలా నడిమి ఇరుసు. ఒక గుండ్రటి డ్రమ్ము, దాని మధ్యలో ఒక ఇరుసు, అంతే. నాలుగు, నాలుగున్నర అంగుళాల వెడల్పు. గేర్లు లేవు. డ్రమ్ము ఒకసారి తిరిగితే సుమారు అడుగు దారం వస్తుంది. మంచి రీలును వేలితో ఒక్కసారి తట్టి వదిలితే చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇంగ్లండులో, ముఖ్యంగా ట్రెంట్ నది ఒడ్డున నాటింగ్‌హామ్‌లో, దీని పూర్వీకులు చెక్కతో తయారయ్యేవి. నదిలో బెండు వేస్తారు. ప్రవాహమే బెండును తీసుకుపోతుంది, బెండు దారాన్ని లాగుతుంది, దారం డ్రమ్మును తిప్పుతుంది. మనిషి చేసే పనల్లా డ్రమ్ము అంచు మీద బొటనవేలు ఆనించి ఉంచడం. నీటి వేగాన్ని బట్టి కాస్త నొక్కడం, కాస్త వదలడం. చేప పడ్డాక కూడా బ్రేకు ఆ బొటనవేలే. దీనికి కావలసిన కట్టె పొడుగ్గా, పదమూడు అడుగులదాకా ఉంటుంది, ప్రవాహం మీద బెండు వెనకాల దారం సాగిపోకుండా ఎత్తిపట్టుకోవడానికి.

సీసాకు చుట్టిన దారం మీద మామ బొటనవేలు, నాటింగ్‌హామ్ డ్రమ్ము అంచు మీద ఎవరో ముసలాయన బొటనవేలు. రెండూ ఒకటే కదా అనిపించింది. గేర్ల రీలు ఎవరైనా కొనిస్తారు. నేను మామ చేతిని గమనించినవాణ్ణి కాబట్టి సెంటర్‌పిన్ దాకా వచ్చానని లోలోపల మురిసిపోయాను. కట్టె, రీలు, దిగుమతి ఖర్చులు అన్నీ కలిపి లెక్క వేసుకుంటే నలభై వేలకు దగ్గర పడింది. ఫరవాలేదనుకున్నాను.

కొనే ముందు ఒక ఆదివారం పుంగనూరు పోయి మామతో చెరువు దగ్గర కూర్చున్నాను. కట్టె ఎంత పొడుగుదైతే బాగుంటుందో ఆయనకు తెలియకుండా కనుక్కోవాలని. అంటే గూఢచారిగా పోయాను.

ఆయన రాగిపిండి ముద్దను చిన్న చిన్న ఉండలు చేస్తున్నాడు. ఇంకో డబ్బాలో ఎర్రలున్నాయి.

"రెండెందుకు మామా?"

"జిలేబీకి ఎర్రంటే పిచ్చి. బొచ్చెకు అది పనికిరాదు, పిండే కావాల. కొర్రమీనుకి రెండూ వొద్దు, దానికి పానం ఉండేది కావాల, ఆడే కప్పపిల్లో చిన్న చేపో. ఎవురికి ఏది ఇష్టమో అది పెట్టాల రా. మనకు ఇష్టమైంది పెడితే తింటాయా?"

ఆ మాటను నేను వెంటనే కానుకలకు అన్వయించుకున్నాను. చూడండి, ఎంత బాగా చెప్పాడు, కానుక విషయంలో కూడా ఇదే కదా సూత్రం, ఇచ్చేవాడి ఇష్టం కాదు పుచ్చుకునేవాడి ఇష్టం చూడాలి అని. బస్సులో తిరిగి వస్తూ ఫోన్లో నోట్ కూడా రాసుకున్నాను. మదనపల్లె చేరేలోపలే అందులో ఏదో తప్పుందని తట్టింది. మామ చెప్పింది కానుక గురించి కాదు. ఎర గురించి.

అప్పటినుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఎదుటివాడికి ఏది ఇష్టమో జాగ్రత్తగా గమనించి, వెతికి, సరిగ్గా అదే ఇస్తే అది మంచి కానుక అని మనం నమ్ముతాం. మరి గాలం వేసేవాడు చేసేదీ అదే. చేపను అంత శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడు ఉండడు. దాని ఆకలి వేళ, దాని లోతు, దాని రుచి అన్నీ తెలుసు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరున వచ్చిన మానసోల్లాసంలో చేపలు పట్టే వినోదానికి ఒక భాగమే ఉంది. ఏ చేప ఎట్లాంటిది, దేనికి ఏ మేత పెట్టాలి అన్నది అందులో వంటల పుస్తకమంత వివరంగా ఉంటుంది. ఆ శ్రద్ధనంతా ఎవరైనా ప్రేమ అంటారా? కాబట్టి "ఎదుటివాడి ఇష్టం తెలుసుకో" అన్నది కానుకకు సరిపోయే నీతి కాదు. అది నేర్పు. ఎరకూ అదే కావాలి, కానుకకూ అదే కావాలి. రెండింటికీ తేడా ఎంపికలో లేదు. మరెక్కడుంది?

మా పెద్దలు ఈ విషయాన్ని వేరేగా చూశారు. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో దానం గురించి చెప్పేటప్పుడు తగిన చోటు, తగిన కాలం, తగిన పాత్ర చూసి, తిరిగి ఆశించకుండా ఇచ్చేదే సాత్వికం అంటుంది. ప్రతిఫలం కోసమో, మనసొప్పక బాధపడుతూనో ఇచ్చేది రాజసం. చోటూ కాలమూ పాత్రా చూడకుండా, మర్యాద లేకుండా ఇచ్చేది తామసం. మనవాళ్ళు ఈ మూడింటిలో పాత్రను మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అపాత్రదానం అనే మాట తెలుగులో రోజూ వినపడుతుంది. తాగుబోతు తమ్ముడికి డబ్బిస్తే అపాత్రదానం, చదవని కొడుక్కి ఫీజు కడితే అపాత్రదానం. పుచ్చుకునేవాడికి పరీక్ష పెట్టడానికి మనకు ఒక మాట ఉంది. ఇచ్చేవాడికి పరీక్ష పెట్టే మాట లేదు.

సరే, ఆ మూడు కొలతలూ నా రీలుకు పెట్టి చూశాను. ముందు చోటు. సెంటర్‌పిన్ పారే నీటి కోసం పుట్టింది. చెరువు నీళ్ళు కదలవు. ప్రవాహం లేకపోతే బెండు పోదు, డ్రమ్ము తిరగదు. నిలవ నీటిలో దూరంగా వేయాలంటే, గేర్ల రీలులా ఊరికే విసిరితే చాలదు. తిరిగే డ్రమ్ము నుంచి దారం చిక్కుపడకుండా వదలడం ఒక విద్య, నెలల సాధన. నాటింగ్‌హామ్ ముసలాయన నది పక్కన పుట్టాడు. మదనపల్లెలో బాహుదా ఉంది కానీ వానలప్పుడు తప్ప అది నది అని ఎవరికీ గుర్తుండదు. పాలారు కుప్పం పక్కనుంచే పోతుంది, ఎక్కువ రోజులు ఇసుకగానే పోతుంది. ఇక కట్టె. పదమూడు అడుగుల కట్టెను ముక్కలుగా విప్పినా ఒక్కో ముక్క నాలుగడుగుల పైనే. మామ చెరువుకు పోయేది టీవీఎస్ ఫిఫ్టీ మీద. ముందర ఎర్రల డబ్బా, వెనక అత్త ఇచ్చిన సద్దిమూట.

ఇన్ని తెలిసీ నేను కొనాలనే అనుకున్నాను. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు మా అమ్మ బీరువాలో దొరికింది.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే నోటుపుస్తకం ఉంటుంది కదా. ఒకాయన పందిట్లో మూలన బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె అని రాసుకుంటాడు, పూర్వం గట్టిగా చదివేవాళ్ళు కూడా, అందుకే చదివింపులు. మా అమ్మ తన పెళ్ళినాటి పుస్తకాన్ని ఇప్పటికీ దాచుకుంది. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు ఆ పుస్తకం తీస్తుంది. వాళ్ళు మనకేం పెట్టారో చూసి, కాలాన్ని బట్టి కాస్త కలిపి పెడుతుంది. 1925లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ కానుకల గురించి పెద్ద వ్యాసం రాశాడు. చాలా సమాజాల్లో కానుక స్వచ్ఛందంగా కనిపిస్తుంది కానీ ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ తప్పనిసరి విధులే అని చూపించాడు. ఇంగ్లీషులో కానుక అనే అర్థమున్న గిఫ్ట్ అన్న మాటకు జర్మనులో విషం అని అర్థం. ఈ సంగతీ ఆయన పట్టించుకున్నాడు. మా అమ్మ మాస్‌ని చదవలేదు. కానీ ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆయన చెప్పిందే చేస్తూ ఉంటుంది.

నేనా పుస్తకాన్ని తక్కువచేసి మాట్లాడను. అది ఊళ్ళకు ఒక రకం బ్యాంకు. పెళ్ళి ఖర్చుతో కుంగిపోయే ఇంటిని అందరూ తలా ఒక చెయ్యి వేసి నిలబెట్టి, తమ వంతు వచ్చినప్పుడు నిలబడే ఏర్పాటు. అక్కడ లెక్క ఉండటం తప్పు కాదు. లెక్క ఉన్నట్టు అందరికీ తెలుసు, అందులో మోసం లేదు.

ఆ పుస్తకంలో మామ పేరు ఎదురుగా పసుపు, చీర, మంగళసూత్రానికి బంగారం అని ఉంది. లేనిది ఒకటి ఉంది. నేను ఇంజనీరింగులో చేరే ఏడు నాన్న వ్యాపారం దెబ్బతింది. కాలేజీలో సీటు వచ్చాక కట్టాల్సిన డబ్బు మామ తెచ్చి ఇచ్చాడు, తన జీతం మీద అప్పు పెట్టి. ఎంతో నాకు ఎవరూ చెప్పలేదు. పక్కగదిలోంచి విన్నాను. నలభై వేలు.

నా బడ్జెట్టు కూడా నలభై వేలే. అట్లా పెట్టుకోవాలని అనుకుని పెట్టుకోలేదు. కానీ కట్టె, రీలు ఖరీదు చూస్తున్నప్పుడు ముప్పై వేలవి తక్కువగా అనిపించాయి, యాభై వేలవి అనవసరం అనిపించాయి. నలభై దగ్గర మనసు కుదుటపడింది. ఆ కుదుటపడటం ఏమిటో అమ్మ పుస్తకం చేతిలో పట్టుకున్నాక అర్థమైంది. నేను కానుక కొనడం లేదు. ఖాతా మూసేస్తున్నాను. మామకు ఇకమీదట నేను బాకీ లేను అని, ఆయనకు చెప్పకుండా ఆయన చేతే సంతకం పెట్టించుకోబోతున్నాను. అందుకే చెరువుకు పనికిరాదని తెలిసినా మానలేకపోయాను. అందుకే ఆయన్ని అడగలేకపోయాను. అడిగితే "నాకేం వొద్దులే అప్పా, దుడ్లు దండగ" అంటాడు. సర్‌ప్రైజ్ అనే మాట వెనక ఇంత సౌకర్యం ఉంది. అడగనిచోట కాదనే వీలుండదు.

ఎదుటివాడికి కాదనే వీలు లేకుండా ఇచ్చేది ఎంత ప్రేమతో ఇచ్చినా బరువే. దీనికి మా ఊరివాడి ఉదాహరణే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. 1909లో అడయారు సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ కంట పడ్డాక, దివ్యజ్ఞాన సమాజం ఆ కుర్రాణ్ణి రాబోయే జగద్గురువుగా పెంచింది. 1911లో అతని చుట్టూ ఒక సంఘమే ఏర్పడింది. చదువు, ప్రయాణాలు, శిష్యులు, ఆస్తులు, హాలండులో ఒక కోట, దాని చుట్టూ వేల ఎకరాలు. అనీబిసెంట్ అతన్ని కన్నకొడుకులా చూసుకుంది. ఆమె ప్రేమను అనుమానించాల్సిన పనిలేదు. కానీ అంతమంది కలిసి అతనికి ఇచ్చినది వస్తువులు కాదు, అతను ఎవరో అన్న తీర్మానం. 1929 ఆగస్టు 3న ఒమెన్‌లో మూడువేలమంది ముందు అతను ఆ సంఘాన్ని రద్దు చేశాడు. కోటను, భూమిని ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇప్పించేశాడు. అయినా బిసెంట్‌ను అమ్మా అని పిలవడం మానలేదు. నాకు ఇందులో ఆయన వేదాంతం కన్నా ఈ చివరి రెండు విషయాలు ఒకదాని పక్కన ఒకటి ఉండటమే ముఖ్యం అనిపిస్తుంది. కానుక తిప్పి పంపినంత మాత్రాన బంధం తెగనక్కరలేదు. తెగిందంటే అక్కడున్నది కానుక కాదని అర్థం.

పుంగనూరు పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది పొట్టి ఆవు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ వారంలోనే మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ అమ్మానాన్నలకు పెళ్ళిరోజు కానుకగా ఒక దూడ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని నన్ను అడిగాడు. వాళ్ళుండేది అపార్ట్‌మెంటులో, నాలుగో అంతస్తు. ఆ ఆవు ముద్దుగా ఉండటానికి పొట్టిగా పుట్టలేదు. వానలు లేని నేల మీద, కొంచెం మేతతో బతకాలి కాబట్టి అట్లా నిలదొక్కుకుంది. నేను ఆయన్ని చూసి నవ్వాను. తర్వాత నా ఫోన్లో దాచుకున్న సెంటర్‌పిన్ ఫొటో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నది మీద పుట్టినదాన్ని నేను చెరువుకు తోలుకుపోతున్నాను.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఇంత తవ్వుకుంటే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేరు కదా? ప్రతి కానుకలోనూ కాస్త స్వార్థం, కాస్త బాకీ, కాస్త గొప్ప ఉంటాయి. అవన్నీ కడిగేశాకే ఇవ్వాలంటే చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఈ అభ్యంతరం నిజమే అనుకుంటాను. మనసు శుభ్రం కావాలన్నది కానుకకు షరతు కాలేదు. మామ నా ఫీజు కట్టినప్పుడు ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు? చెల్లెలి మీద ప్రేమ ఉండవచ్చు, బావ ముందు తల ఎత్తుకోవాలన్న పట్టుదలా ఉండవచ్చు. నాకు తెలిసింది ఒకటే. ఆయన దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. నేను బ్రాంచి మారినప్పుడు అడగలేదు, మొదటి ఉద్యోగం వదిలేసినప్పుడు ఏమనలేదు, పండక్కి రాకపోతే గుర్తుచేయలేదు. ఇచ్చినప్పుడు ఎట్లా ఉన్నా, ఇచ్చిన తర్వాత వదిలేశాడు.

ఎరకూ కానుకకూ తేడా అక్కడ ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఎరలో రుచి అబద్ధం కాదు. చేపకు నిజంగా ఇష్టమైనదే. ఎర అయ్యేది దాని వెనక దారం ఉండి, దారం రెండో కొస ఇచ్చినవాడి చేతిలో ఉన్నందుకు. కానుక ఇచ్చేటప్పుడు దారం ఉందా లేదా అన్నది అప్పుడే తెలియకపోవచ్చు. పుచ్చుకున్నవాడు దాన్ని తన ఇష్టప్రకారం ఏదో చేసినప్పుడు తెలుస్తుంది. పక్కన పడేస్తాడు, వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు, మనం అనుకోని పనికి వాడతాడు. అప్పుడు మన చేతికి ఏదైనా లాగినట్టు అనిపిస్తే, దారం ఉన్నట్టే.

ఇంతా అనుకుని చివరికి కొన్నాను. మానేయడం కూడా లెక్కే అవుతుందనిపించింది. కానీ దాచలేదు. షష్టిపూర్తికి ముందే పుంగనూరు పోయి ఆయన ముందు పెట్టి, ఖరీదుతో సహా చెప్పాను. ఇది చెరువుకు సరిగ్గా సరిపోదని, వద్దంటే తిరిగి పంపే గడువు ఇంకా ఉందని కూడా చెప్పాను.

మామ కట్టె మూడు ముక్కలూ కలిపి పట్టుకుని, ఇంటి చూరు దాటిపోయిన కొసను చూసి నవ్వాడు. "కరెంటు తీగలకు తగుల్తాది రా ఇది." తర్వాత రీలును తీసుకుని వేలితో తట్టాడు. అది తిరుగుతూనే ఉంది. మామ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఇంజను చప్పుడు విన్న మనిషి. "బేరింగు బాగుండాది," అన్నాడు. కట్టె ముక్కలు విప్పి సంచిలో పెట్టి నా వైపు జరిపాడు. "ఇది నువ్వు పెట్టుకో. నాకు దీన్ని ముట్టుకుంటే యాడ విరుగుతాదో అని భయం. చక్రం మాత్రం నాకియ్యి."

అప్పుడు అడిగాను. అడగకూడదనుకుంటూనే. "మామా, నా ఫీజుకి నువ్వు కట్టిన డబ్బు..."

ఆయన రీలు మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. "అది నేనేమన్నా ఎర ఏస్తినా రా నీకు?"

అంతే అన్నాడు. నేను ఆయనకు ఎర గురించి నా ఆలోచనలేవీ చెప్పి ఉండలేదు.

2025 ఆగస్టు ఆఖర్లో హంద్రీ-నీవా కాలువ గుండా శ్రీశైలం నీళ్ళు కుప్పం చెరువులకు చేరాయి. పుంగనూరు బ్రాంచి కాలువ నుంచి చీలి, కుప్పం బ్రాంచి కాలువగా వచ్చే నీళ్ళు. ఎక్కడి కృష్ణ, ఎక్కడి కుప్పం. తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళ ఊరి చెరువులోకి నీళ్ళు దిగుతున్నాయని మామ ఫోన్ చేస్తే పోయాను. నీళ్ళు చెరువులో పడే చోట కాస్త దూరం నిజంగానే ప్రవాహం ఉంది. చేపలు కూడా అక్కడికే చేరతాయట. గట్టు మీద పిల్లలు నలుగురు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో పదేళ్ళ కుర్రాడి చేతిలో నా సెంటర్‌పిన్ ఉంది. దాన్ని మూడడుగుల వెదురు కట్టెకు సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించి కట్టారు. ఇత్తడి మెరుగు మీద గీతలు పడ్డాయి. అంచుకు రాగిపిండి అంటుకుని ఎండిపోయి ఉంది. మామ పక్కన గొంతుకు కూర్చుని, "గట్టిగా పట్టుకోబాకు. ఏలు ఆనించు, సాలు. నీళ్ళే తీసకపోతాయి," అని చెబుతున్నాడు.

నాకు కలుక్కుమంది. నిజం చెప్పాలి కదా. నలభై వేల రీలు, సైకిలు ట్యూబు. దాన్ని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాలని చేతులు లేచాయి. సరిగ్గా ఆ క్షణంలో నాకు తెలిసింది, అన్నీ ఆలోచించి, దాచకుండా, వద్దనే వీలిచ్చి ఇచ్చిన దానికి కూడా నా దగ్గర ఒక కొస మిగిలే ఉందని. బెండు నీళ్ళ మీద పోతూ ఉంది. డ్రమ్ము చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంది. నేను తలచుకుని ఫోన్లో దాచుకున్న ఆ నదిలో ఎట్లా తిరుగుతుందో అట్లాగే.

నేనేమీ అనలేదు. అది పెద్ద విజయమేం కాదు. కూర్చుని చూశాను, కాసేపటికి కలుక్కుమనడం తగ్గింది. చెరువులో చేపలు నిజానికి వేలం పాడుకున్నవాళ్ళవి. వాళ్ళ మనిషి ఒకడు గట్టు మీద బండి ఆపి, పిల్లల్ని, మామను చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అదీ ఏ పుస్తకంలోనూ రాయని చదివింపే.

పదమూడు అడుగుల కట్టె బెంగళూరులో నా గదిలో, తలుపు వెనక మూలన ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేయాలి. ఎవరికో ఇంకా తేలలేదు.

మొన్న మామ ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలయ్యాక పెట్టేయబోతూ ఆగి, "ఒరే, ఈసారి వచ్చేటప్పుడు గాలం ముళ్ళు ఒక పది తెచ్చిపెట్టు. సన్నవి. పిలకాయలు అన్నీ పోగొట్టినారు," అన్నాడు.

నాకు గుర్తున్నంతలో మామ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.